అద్దెకిచ్చిన ఇంటిలో గ్యాస్ లీకేజీ: యజమాని బాధ్యత ఎంతవరకు?

సర్వ స్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. మేము ఆయననే స్తుతిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా అల్లాహ్ శాంతి శుభాలు కురిపించుగాక!

ప్రియమైన ధార్మిక సోదరులారా! ముందుగా మాకూ, మీకూ అల్లాహ్ పట్ల భయభక్తులు వహించమని ఉపదేశించుకుంటున్నాము. భయభక్తులు నమాజు వరుసలతో ముగిసేవి కావు. మనం కట్టే గోడలోనూ, ఇచ్చే తాళంచెవిలోనూ, నెల మొదటి వారంలో పుచ్చుకునే అద్దెలోనూ అవి కనబడాలి. ఈ శుక్రవారం మీ ముందుంచదలచిన విషయం అలాంటిదే. మన బస్తీలలో సొంత ఇంటిపైన రెండు అంతస్తులు లేపి, పోర్షన్లుగా విడదీసి అద్దెకిచ్చి జీవించే కుటుంబాలు అనేకం. ఆ సంపాదన ధర్మసమ్మతమైనదే. అయితే ఆ పోర్షన్‌లో వంటగ్యాసు లీకై ప్రాణం పోతే ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుంది?

ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ మన నోట వెలువడే మొదటి మాట తఖ్దీర్. అల్లాహ్ నిర్ణయాన్ని విశ్వసించడం మన ఈమాన్‌లో భాగం. అయితే ఒంటెను కట్టివేసి నమ్మకం ఉంచాలా, విడిచిపెట్టి నమ్మకం ఉంచాలా అని అడిగిన వ్యక్తికి దైవప్రవక్త (స) ముందు కట్టివేయమనీ, ఆపైన అల్లాహ్‌ను నమ్ముకోమనీ బోధించారు. ఈ హదీసును ఇమామ్ తిర్మిజీ నమోదు చేశారు. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు అందులోనివారితో సహా కాలిపోయింది. ఆ వార్త విన్నప్పుడు దైవప్రవక్త (స) దానిని విధిరాతగా మాత్రమే వదిలివేయలేదు. నిప్పు మనకు శత్రువని హెచ్చరించి, నిద్రించే ముందు దానిని ఆర్పివేయమని ఆదేశించారు. మరో హదీసులో అందుకు కారణం కూడా తెలిపారు: ఎలుక దీపపు వత్తిని లాక్కుపోయి ఇంటివారిపై ఇంటినే తగలబెట్టగలదు. ఈ రెండు బోధనలూ సహీహ్ బుఖారీలో ఉన్నాయి. నేడు మన వంటింటిలో ఆ ఎలుకే రబ్బరు పైపును కొరుకుతున్నది. జాగ్రత్తపడడం సున్నత్, జాగ్రత్తను విడిచి విధిని నిందించడం సున్నత్ కాదు.

ఈ వాయువు స్వభావాన్ని క్లుప్తంగా తెలుసుకుందాం. ప్రమాదాన్ని ఎరిగినవాడికే బాధ్యత అర్థమవుతుంది. మన ఇళ్లకు వచ్చే 14.2 కిలోల సిలిండరులో ఉండేది ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. లోపల ఒత్తిడితో ద్రవంగా ఉంటుంది. బయటకు వచ్చిందంటే సుమారు 250 రెట్లు విస్తరిస్తుంది. గాలికంటే బరువైనది కనుక పైకి ఎగిరిపోదు. నేలపై పరచుకుంటుంది, గుమ్మం దాటి పక్క గదిలోకి పాకుతుంది, మెట్ల మీదుగా కిందికి దిగుతుంది. గాలిలో దాని పాలు సుమారు 2 శాతానికి చేరితే చాలు, స్విచ్చు నొక్కినప్పుడు పుట్టే నిప్పురవ్వకు కూడా అంటుకుంటుంది. స్వతహాగా దీనికి వాసన లేదు. మనుషులు పసిగట్టాలనే ఉద్దేశంతో మెర్‌కాప్టాన్ అనే దుర్వాసన పదార్థాన్ని కలుపుతారు. అంటే, సోదరులారా, ఆ వాసనే ఒక హెచ్చరిక, ఒక నోటీసు. హైదరాబాద్, విజయవాడ వంటి నగరాలలో కొన్ని ఇళ్లకు గొట్టాల ద్వారా వచ్చే సహజవాయువు మాత్రం గాలికంటే తేలిక; అది పైకప్పు కింద చేరుతుంది. అందువల్ల సిలిండరు వాడే వంటగదికి నేలకు దగ్గరగానూ, గొట్టపు గ్యాసు వాడే వంటగదికి పైభాగాననూ గాలి పోయే మార్గం ఉండాలి.

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో భూగర్భ పైపులైను నుంచి వెలువడిన వాయువు అంటుకుని ఇరవై మందికి పైగా మరణించిన సంగతి మనం మరువలేదు. అది పెద్ద గొట్టం, మన వంటింటిది చిన్న గొట్టం. వాయువు కూడుకున్న చోట నిప్పు చేసే పని మాత్రం ఒక్కటే.

ఇక బాధ్యతల విభజనకు వద్దాం. అద్దెదారు తెచ్చుకున్న పొయ్యి, రెగ్యులేటరు, రబ్బరు పైపు అతని సొత్తు. వాటిని సరిగా ఉంచుకోవడం అతని విధి. ఇంటితోపాటు అప్పగించినవి మాత్రం యజమానివి. గోడలో నుంచి వేయించిన గ్యాసు గొట్టం, దాని వాల్వు, వంటగది కిటికీ, గాలి పోయే రంధ్రం, విద్యుత్ తీగలు, మెట్లు, బయటపడే దారి అన్నీ ఆయన అధీనంలోనివే. బాల్కనీని మూసివేసి వంటగదిగా మార్చినది ఆయనే. మెట్ల కింద, వాహనాల పక్కన అందరి సిలిండర్లూ పెట్టుకోమన్నది ఆయనే. అదనపు గది కోసం కిటికీకి ఇటుకలు పేర్పించినది కూడా ఆయనే. అద్దెదారు ఒక మేకు కొట్టాలన్నా అనుమతి అడగవలసిన ఇంటిలో, గోడలోని గొట్టాన్ని అతనెలా బాగుచేసుకోగలడు?

మన ప్రాంతపు ముస్లిములలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖ్హ్‌లో దీనికి చక్కని దృష్టాంతం ఉంది. 1197లో పరమపదించిన ఇమామ్ మర్గీనానీ రచించిన అల్‌హిదాయా మన మదరసాలలో నేటికీ పాఠ్యగ్రంథం. అందులో వాలిన గోడ గురించి ప్రత్యేకమైన చర్చ కనిపిస్తుంది. ఒకరి గోడ బాటవైపు వాలింది. దానిని తీసివేయమని ఆయనను కోరారు. తీసివేయగలిగినంత వ్యవధి ఉన్నా ఆయన తీయలేదు. అది కూలి ఒక ప్రాణం పోయింది. ఆయన బాధ్యుడా, కాదా?

ఫుఖహాలు ఇక్కడ ఎంత నిజాయితీగా ఆలోచించారో చూడండి. సాధారణ తర్కం ప్రకారం ఆయన బాధ్యుడు కాడు: గోడను తన స్థలంలోనే కట్టాడు, నిటారుగానే కట్టాడు, వాలడం ఆయన చేసిన పని కాదు. నేటి యజమాని చెప్పే మాట కూడా ఇదే: మేమేం చేశాం? గొట్టం దానంతట అదే పాడైంది. అయినప్పటికీ మన ఇమాములు ఆ తర్కం వద్ద ఆగిపోలేదు. ప్రజల ప్రాణరక్షణను దృష్టిలో ఉంచుకొని, తెలియజేసిన తరువాత ఊరకుండడం హద్దు మీరడమేనని నిర్ణయించి, ఆయనను నష్టపరిహారానికి బాధ్యుణ్ణి చేశారు.

ఆ చర్చలో మరి నాలుగు అంశాలున్నాయి. ప్రతి ఒక్కటీ మన విషయానికి అద్దంలా సరిపోతుంది.

మొదటిది: గోడ ఒక ఇంటివైపు వాలితే, ఆ ఇంట్లో నివసించేవారికి కూడా దానిని తీసివేయమని కోరే హక్కు ఉంది. హక్కుగా అడగడానికి అక్కడ నివసించడమే చాలు, సొంతదారు కానవసరం లేదు. కాబట్టి గ్యాసు వాసన వస్తోందని చెప్పే అద్దెదారును గొడవలమారిగా చూడరాదు. అతడు షరీఅత్ ఇచ్చిన హక్కునే వినియోగించుకుంటున్నాడు.

రెండవది: ఆ కోరిక గోడను తీసివేయగల అధికారం ఉన్నవారికి చేరాలి. అద్దెకున్నవానికి చెప్పినంత మాత్రాన అది చెల్లదు, ఎందుకంటే ఇంటి నిర్మాణంపై అతనికి అధికారం లేదు. బాధ్యత అధికారాన్ని అనుసరిస్తుంది. గోడపై అధికారమంతా తన వద్ద ఉంచుకొని, బాధ్యతను మాత్రం అద్దెదారుపై నెట్టడం న్యాయం కాదు.

మూడవది: కోరేటప్పుడు సాక్షులను ఉంచుకొమ్మన్నది, రేపు యజమాని కాదంటే రుజువు చేసుకునేందుకే. బాధ్యత మాత్రం తెలియజేయడంతోనే మొదలవుతుంది. కనుక అద్దెదారులారా, నోటిమాటతో సరిపెట్టకండి. తేదీ వేసి కాగితంపై రాసి ఇవ్వండి, ఫోనులో సందేశం పంపండి, ఫోటో జతచేయండి. యజమానులారా, ఆ సందేశాన్ని చూసి కూడా చూడనట్లు ఉండకండి. మనుషుల వద్ద ఏమి కాదనగలిగినా, భుజాలపై రాసే దూతల వద్ద కాదనలేం.

నాలుగవది అన్నిటికంటే కఠినమైనది: మొదటినుంచే గోడను వాలుగా కట్టినవాడు, ఎవరూ తెలియజేయకపోయినా బాధ్యుడే. ఒక్క కిటికీ అయినా లేకుండా వంటగది కట్టించినవారు, ఒకే ఇరుకు మెట్లదారి ముందు సిలిండర్లు పేర్పించినవారు, మేస్త్రీతో డబ్బు మిగుల్చుకునేందుకు పనికిరాని గొట్టాన్ని గోడలో పూడ్పించినవారు ఈ అంశాన్ని తమకు తామే అన్వయించుకోవాలి. నాకెవరూ చెప్పలేదు అనే మాట వారికి రక్షణ కాదు.

ఆ గ్రంథకాలంలో వంటగ్యాసు లేదన్నది నిజమే. అయితే వాలిన గోడకూ, లీకయ్యే గొట్టానికీ ఉన్న పోలిక స్పష్టం: రెండూ ఒకరి ఆధీనంలోని వస్తువులే, రెండూ ఇతరుల ప్రాణంపైకి ఒరుగుతున్నవే, రెండింటినీ సరిచేసే శక్తి ఆ ఒక్కరికే ఉంది. ఒక నిర్దిష్ట ప్రమాదంలో ఎవరు ఎంత బాధ్యులో తేల్చవలసింది ముఫ్తీలు, న్యాయస్థానాలు. సూత్రం మాత్రం ఇది.

ఇక్కడ విషయం తెలిసిన యజమాని ఒక ఆక్షేపణ లేవదీయవచ్చు. హనఫీ ఫిఖ్హ్‌లోనే ఇంటి మరమ్మతు యజమాని పని అని చెబుతూనే, ఆయనను బలవంతపెట్టరాదనీ, చేయించకపోతే అద్దెదారు ఇల్లు విడిచి వెళ్లవచ్చనీ ఉంది గదా? ఉంటే ఉండండి, లేకుంటే ఖాళీ చేయండి అనడంలో తప్పేముంది? ఈ ప్రశ్నకు మేము రెండు సమాధానాలు చెబుతాము. ఒకటి, ఆ నియమం సౌకర్యం తగ్గినప్పటిది: పూత రాలింది, చూరు నుంచి నీరు కారుతోంది వంటి సందర్భాలది. ప్రాణహాని పొంచి ఉన్నప్పుడు వర్తించేది వాలిన గోడ నియమం. ఎవరూ ఎవరికీ హాని తలపెట్టరాదన్న ప్రవక్త (స) బోధన నుంచే, హానిని తొలగించి తీరాలన్న సూత్రాన్ని ఫుఖహాలు గ్రహించారు. 19వ శతాబ్దపు ఉస్మానీ న్యాయస్మృతి అయిన మజల్లా ఆరంభంలోనే ఈ సూత్రాలను పొందుపరిచారు. రెండు, వెళ్లిపొమ్మన్నవారు వెళ్లే దారి తెరిచి ఉంచారా? రెండు నెలల అడ్వాన్సు చేతిలో పెట్టుకొని, గడువుకు ముందే ఖాళీ చేశారని దానిని తిరిగి ఇవ్వకపోతే, అది దారి మూసి వెళ్లమనడమే. ప్రాణభయంతో ఇల్లు విడిచిన పేదవాని అడ్వాన్సును మింగడం, ఒకరి సొమ్మును మరొకరు అన్యాయంగా తినరాదన్న దివ్య ఖురాన్ ఆదేశాన్ని ఉల్లంఘించడమే.

మనం నివసించే దేశపు చట్టం కూడా ఈ మార్గంలోనే ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకోనప్పుడు, తనకు తెలిసి అద్దెదారుకు తెలియని, సాధారణ జాగ్రత్తతో కనుగొనలేని ముఖ్యమైన లోపాన్ని యజమాని ముందుగానే వెల్లడించాలి. తాను చేయించవలసిన మరమ్మతును నోటీసు అందిన తరువాత తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకొని ఆ ఖర్చును అద్దెలో నుంచి మినహాయించుకోవచ్చు. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. పోలీసు భయంతో చేసే పనిని అల్లాహ్ భయంతో ముందే చేయడం విశ్వాసికి శోభస్కరం కాదా?

లోపాన్ని దాచడం గురించి ఒక మాట. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉంది, లోపల తడిగా ఉంది. తడిసిన భాగాన్ని ప్రజలకు కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆ వర్తకుణ్ణి నిలదీసి, మోసగించేవారు తమవారు కారని ప్రకటించారు. సహీహ్ ముస్లింలోని హదీసు ఇది. పాత అద్దెదారు లీకేజీ గురించి చెప్పి ఖాళీ చేశాడు. యజమాని గోడకు కొత్త రంగు వేయించి టూలెట్ బోర్డు కట్టాడు. ఆ రంగు పైపైన పొడి ధాన్యమే గదా!

అద్దె ఎందువల్ల హలాల్ అవుతున్నదో కూడా గ్రహించండి. ఒక వస్తువు లాభం ఎవరికి దక్కుతుందో దాని నష్టభారం కూడా వారిదేనని మన ధర్మశాస్త్రం చెబుతుంది. ఇజారాలో యజమాని అమ్మేది ఇటుకలను కాదు, నిశ్చింతగా నివసించే ప్రయోజనాన్ని. ఆ నిశ్చింతను ఇవ్వకుండా అద్దెను మాత్రం పుచ్చుకునేవారు తమ సంపాదనను ఒకసారి తూచి చూసుకోవాలి.

అయితే ధర్మం ఒకవైపే మొగ్గదు. అద్దెదారులారా! మీ పైన, కింద, పక్కన ఉన్న కుటుంబాల ప్రాణాలు మీ చేతిలోనూ ఉన్నాయి. ఎవరి కీడు నుంచి పొరుగువారు సురక్షితంగా లేరో అతడు విశ్వాసి కాడని దైవప్రవక్త (స) ప్రమాణం చేసి మరీ చెప్పారు. పొయ్యి పైపును ఐదేళ్లకు ఒకసారి మార్చండి, ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న సురక్షా పైపునే వాడండి. పెద్ద సిలిండరు నుంచి చిన్నదానిలోకి గ్యాసు ఒంపించుకోకండి. తనిఖీకి వచ్చిన మెకానిక్‌ను తలుపు వద్దనుంచే పంపివేయకండి. ఊరి చిరునామాపై ఉన్న కనెక్షన్‌ను ఇప్పుడుంటున్న ఇంటికి మార్పించుకోండి. చమురు సంస్థలు చేయించే బీమాలో ఆస్తినష్టపు పరిహారం నమోదైన చిరునామాకే వర్తిస్తుంది. ఇందులో యజమానికీ పాత్ర ఉంది. పన్ను భయంతో అద్దె ఒప్పందం రాసివ్వని యజమాని, తన అద్దెదారును దొంగచాటు సిలిండర్లవైపు తానే తోస్తున్నాడు. ఒప్పందం రాసివ్వండి. అంతవరకు, చిరునామా ధ్రువపత్రం లేకున్నా గుర్తింపు కార్డు చూపి కొనగల 5 కిలోల సిలిండర్లు ఉన్నాయి.

వాసన వచ్చిన క్షణాన ఏమి చేయాలో ఇంట్లోని స్త్రీలకు, పిల్లలకు, వృద్ధులకు తప్పక నేర్పండి. దీపం గాని, ఫ్యాను గాని వేయకూడదు. వెలుగుతూ ఉంటే ఆర్పనూ కూడదు. స్విచ్చు ఎటు నొక్కినా నిప్పురవ్వ పుట్టవచ్చు. రెగ్యులేటరు కట్టివేసి, తీసి, సిలిండరుకు మూత బిగించాలి. తలుపులు, కిటికీలు తెరవాలి. అందరూ బయటకు రావాలి, పై అంతస్తువారిని గొంతెత్తి పిలవాలి, కాలింగ్ బెల్ నొక్కరాదు. బయటకు వచ్చాకే ఫోను తీసి 1906కు చెప్పాలి. అది గ్యాసు లీకేజీకై రాత్రింబవళ్లు పనిచేసే నంబరు. నిప్పు అంటుకుంటే 101.

చివరిగా, మసీదు కమిటీల పెద్దలకు ఒక మనవి. మసీదుల కింద ముల్గీలూ, వెనుక గదులూ అద్దెకున్నాయి. వాటిలో టీ కొట్లున్నాయి, హోటళ్లున్నాయి, చదువుకొనే కుర్రవాళ్ల వంటలున్నాయి. వక్ఫ్ ఆస్తి అల్లాహ్ పేర ఉన్న అమానతు. దాని ముతవల్లీ ఇతర యజమానులకంటే ఎక్కువ జాగ్రత్త వహించాలి గాని, ధర్మకార్యమనే పేరుతో తక్కువ జాగ్రత్త కాదు. వచ్చే శుక్రవారంలోగా మసీదుకు చెందిన ప్రతి గదిలోని గ్యాసు గొట్టాన్నీ, గాలిమార్గాన్నీ తనిఖీ చేయించి, చూసిన లోపాలను నోటీసు బోర్డుపై రాయించవలసిందిగా కోరుతున్నాము. మింబరు మీది మాట ముందుగా మింబరు ఉన్న భవనంలో అమలు కావాలి.

సోదరులారా! మీలో యజమానులైనవారు ఈ నమాజు తరువాత ఇంటికి వెళ్లి, ఒక్కసారి అద్దెదారు తలుపు తట్టండి. అద్దె అడగడానికి కాదు, వంటింట్లో ఏమైనా వాసన వస్తోందా అని అడగడానికి. దారిలోని ముల్లును తొలగించడం ఈమాన్ శాఖలలో ఒకటైతే, నిద్రించే పిల్లల తలల వద్దనున్న మృత్యువును తొలగించడం ఎంతటి పుణ్యమో ఆలోచించండి. ఒక ప్రాణాన్ని కాపాడడం సమస్త మానవాళినీ కాపాడడంతో సమానమని సూరె మాయిదా 32వ ఆయతు మనకు బోధిస్తున్నది. ఆ పుణ్యం ఒక గొట్టం ధరకు, ఒక మేస్త్రీ కూలికి లభిస్తుంటే వదులుకోవడమెందుకు?

ఓ అల్లాహ్! మా ఇళ్లను నిప్పు నుంచీ, మా సంపాదనను హరామ్ నుంచీ, మా హృదయాలను నిర్లక్ష్యం నుంచీ కాపాడు. ఇంటిని ఇచ్చినవారికి న్యాయబుద్ధినీ, ఇంట ఉన్నవారికి నిశ్చింతనూ ప్రసాదించు. అగ్నిప్రమాదాలలో మరణించినవారిని మన్నించు, గాయపడినవారికి స్వస్థత చేకూర్చు, వారి కుటుంబాలకు సహనాన్ని అనుగ్రహించు. ఆమీన్.

సర్వ స్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే.